బరంపురం వ్యాపారికి సీఆర్ఎం: రిమోట్ డెవలపరా, కంపెనీయా, ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పంపుసెట్లు, టైల్స్, విత్తనాలు అమ్మే మనవాళ్ల దగ్గర కస్టమర్ల వివరాలు సగం నోటు పుస్తకంలో, సగం సేల్స్ కుర్రాడి ఫోన్‌లో ఉంటాయి. కుర్రాడు మానేస్తే ఆ సగం అతనితోనే పోతుంది. సీఆర్ఎం, అంటే కస్టమర్ల వివరాలన్నీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్, పెట్టించాలి, సరే. పని ఎవరికివ్వాలి? విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఇంటి నుంచి పనిచేసే కాంట్రాక్ట్ డెవలపర్‌కా, భువనేశ్వర్‌లో ఆఫీసున్న కంపెనీకా?

సేల్స్‌లో ఐదారుగురు, మహా అయితే పదిమంది ఉన్న వ్యాపారానికి రిమోట్ డెవలపరే మేలని నా అభిప్రాయం. కాకపోతే కొత్తగా రాయించొద్దు, ఇప్పటికే ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మన అవసరానికి మార్పించుకోవాలి. జోహో సీఆర్ఎం ముగ్గురి వరకు ఉచితం. ఓడూ కమ్యూనిటీ ఎడిషన్, స్వీట్‌సీఆర్ఎం ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేవి కాబట్టి లైసెన్స్ ఖర్చు లేదు, సర్వర్ అద్దె, డెవలపర్ డబ్బులు పెట్టుకుంటే చాలు. ఓడూకి పైథాన్, స్వీట్‌సీఆర్ఎంకి పీహెచ్‌పీ తెలిసినవాళ్లు కావాలి. ఒకరు వదిలేసినా ఇంకొకరు అందుకోగలరు. మొదటి నుంచీ సొంతంగా రాయించిన సాఫ్ట్‌వేర్‌కి ఆ భరోసా తక్కువ.

కంపెనీతో లాభం లేదని కాదు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరుంటారు. నాలుగైదు బ్రాంచీలుండి, ట్యాలీతోనూ గోడౌన్ స్టాకుతోనూ కలపాల్సి వస్తే కంపెనీకే ఇవ్వండి. చిన్న షాపుకు మాత్రం మాట్లాడేవాడొకడు, పనిచేసేవాడొకడు అయ్యే ప్రమాదముంది. ఫిక్స్‌డ్ రేటు కుదుర్చుకున్నాక ఒక కాలమ్ చేర్చమన్నా అదనపు బిల్లు రావచ్చు.

ఇక మన సరిహద్దు ప్రాంతపు చిక్కులు వేరు. ఒకే డీలరు పాణిగ్రాహి గారిని ఇంగ్లీష్‌లో ఒక బిల్లులో చివర ఐతో, ఇంకో బిల్లులో వైతో రాస్తాం. ఊరు ఒకచోట బరంపురం, ఒకచోట బ్రహ్మపుర్. సాఫ్ట్‌వేర్ దృష్టిలో వాళ్లు ఇద్దరు మనుషులు, అవి రెండు ఊళ్లు. అందుకే కస్టమర్‌ని మొబైల్ నంబరుతో, ఊరిని పిన్ కోడ్‌తో గుర్తించేలా పెట్టించాలి. ఎస్సెమ్మెస్ సంగతీ అంతే. ఇంగ్లీష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే ఒడియా, తెలుగుల్లో 70 మాత్రమే. మనకు ఒక్కటిగా కనబడే 'శ్రీ' అక్కడ నాలుగుగా లెక్కకొస్తుంది. ఇంగ్లీష్‌లో ఒక మెసేజ్‌లో పోయే బాకీ గుర్తుచేసే సందేశం ఒడియాలో రెండు మూడు మెసేజ్‌ల ఖర్చవుతుంది. పైగా టెంప్లేట్లను, అంటే మెసేజ్ నమూనాలను, డీఎల్‌టీలో (వ్యాపార మెసేజ్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే రిజిస్టర్‌లో) ముందే రిజిస్టర్ చేయాలి. పని అడిగినవాణ్ణి ఈ రెండు విషయాలూ కదిపి చూడండి. తడుముకోకుండా చెప్పినవాడు ఇలాంటి పని చేసినవాడే అయి ఉంటాడు.

ఊళ్లోనే ఉన్న బీటెక్ కుర్రాడికి ఇద్దామా అంటే, దగ్గరుంటాడన్న సౌకర్యం ఒక్కటే. ఉద్యోగం రాగానే బెంగళూరు వెళ్లిపోతాడు, అది తప్పూ కాదు.

అగ్రిమెంట్ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికున్న ఉద్యోగి తన పనిలో భాగంగా రాసిన కోడ్ సాధారణంగా యజమానిది. బయటి కాంట్రాక్టర్ రాసింది, సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, అతనిదే. ఆ బదిలీలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. కంపెనీకిచ్చినా ఈ జాగ్రత్త తప్పదు. డొమైన్, సర్వర్, అడ్మిన్ లాగిన్ మొదటి రోజు నుంచే మీ ఈమెయిల్ మీద ఉండాలి. డబ్బు దశలవారీగా ఇవ్వండి. ముందు కస్టమర్ల జాబితా ఒక్కటే చేయించి, దానికి పూర్తిగా చెల్లించి, నచ్చితేనే మిగతాది అప్పజెప్పండి.

రిమోట్‌లో అసలు లోటు శిక్షణ. ఒడియా మాట్లాడే సేల్స్ కుర్రాళ్లకు వీడియో కాల్‌లో నేర్పడం కష్టం. విశాఖ నుంచి బరంపురానికి రైల్లో ఒక్క పూట ప్రయాణం. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే వారంలో రెండు రోజులు షాపుకొచ్చి కూర్చోవాలని, దారిఖర్చులు, బస మీవేనని అగ్రిమెంట్‌లోనే రాయించండి.