జాగ్రత్త: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టేముందు రెండో స్క్రీన్ తగిలించి చూడండి

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో మాది ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. దసరాకు ముందు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. డెమోకు వచ్చిన కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో చకచకా బిల్లు కొట్టి చూపించాడు. జీఎస్టీ లెక్కలు సరిగ్గానే వచ్చాయి. 18,000 రూపాయలు కట్టేశాను. మా కౌంటర్ మీద రెండు స్క్రీన్లున్నాయి, ఒకటి నా వైపు, ఒకటి గిరాకీ వైపు. దాని సంగతి ఆ కుర్రాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

వారం తిరక్కముందే రేటు మార్చే డైలాగ్ బాక్స్, అంటే మెయిన్ విండో మీద తెరుచుకునే చిన్న విండో, గిరాకీ వైపు స్క్రీన్‌లో తెరుచుకుంది. మేం కొన్న రేటు, మార్జిన్ అన్నీ అందులోనే ఉంటాయి. ఎదురుగా ఉన్నది ఏళ్లుగా మా దగ్గరే వైరు కొంటున్న కాంట్రాక్టరు. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ రోజు బేరం మా కొన్న రేటు దగ్గర్నుంచే మొదలైంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. గిరాకీ వైపు స్క్రీన్ పాడైతే తీసేశాం. ఆ సాయంత్రం సరుకు ఎక్కిస్తుంటే సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. ఎక్కడ నొక్కినా టంగుమని చప్పుడే. హ్యాంగ్ అయిందనుకుని మా వాళ్లు సిస్టమ్ ఆపేశారు. ఎక్కించిన 42 ఐటమ్స్ పోయాయి. పండుగ రద్దీలో ఇలా మూడుసార్లు జరిగింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మా మేనల్లుడు విండోస్ సాఫ్ట్‌వేర్లు రాసే డాట్‌నెట్ ప్రోగ్రామర్. ఆదివారం వచ్చి చూశాడు. "మామయ్యా, ఇది హ్యాంగ్ కాదు. సేవ్ చేయాలా అని అడిగే డైలాగ్ తెరుచుకునే ఉంది, స్క్రీన్ లేని చోట" అన్నాడు. దానికి జవాబు చెప్పేదాకా మెయిన్ విండో దేన్నీ తీసుకోదు. ఏ విండో ఎక్కడుందన్న లెక్క విండోస్‌లో ప్రధాన స్క్రీన్ ఎడమ పై మూల నుంచి పిక్సెళ్లలో, అంటే స్క్రీన్ మీది చుక్కల్లో, మొదలవుతుంది. మాది 1920 పిక్సెళ్ల వెడల్పు, కాబట్టి కుడి పక్క రెండో స్క్రీన్ 1920 దగ్గర మొదలవుతుంది. సెట్టింగ్స్ ఫైల్ తెరిచి అందులో 2300 అనే అంకె చూపించాడు. డైలాగ్ చివరిసారి ఉన్న చోటు అది. ఈ ప్రోగ్రామ్ ఆ అంకె గుర్తుపెట్టుకుని, అక్కడ స్క్రీన్ ఉందో లేదో చూసుకోకుండా మళ్లీ అక్కడే తెరుస్తోంది.

నిజానికి డైలాగ్ తనను పిలిచిన విండో మధ్యలో తెరుచుకోవాలి. మెయిన్ విండో 100 దగ్గర మొదలై 1200 వెడల్పు ఉండి, డైలాగ్ వెడల్పు 400 అయితే, మిగిలిన 800లో సగం కలిపి 500 దగ్గర పెట్టాలి. అది స్క్రీన్ అంచు దాటిపోతుంటే లోపలికి జరపాలి. డాట్‌నెట్‌లో విండోలు తయారుచేసే పద్ధతులు రెండున్నాయి, విండోస్ ఫామ్స్‌లో సెంటర్ పేరెంట్, డబ్ల్యూపీఎఫ్‌లో సెంటర్ ఓనర్ అనే సెట్టింగులు ఇందుకోసమే ఉన్నాయట. డబ్ల్యూపీఎఫ్‌లో ఓనర్, అంటే డైలాగ్‌ను పిలిచిన విండో, ఏదో కూడా చెప్పాలి, చాలామంది మరిచిపోయేది అదేనని మావాడన్నాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే మొదట "మా ఆఫీసులో బాగానే వస్తోంది సార్" అన్నారు. గట్టిగా అడిగితే, కస్టమైజేషన్ కింద 6,000 అవుతుందన్నారు. డైలాగ్‌ను కనిపించే చోట తెరవడానికి కూడా అదనంగా డబ్బులా? నేను కట్టలేదు. వాపసు అడిగాను, ఇంకా రాలేదు.

మీరు కొనబోతుంటే డెమో మీ కౌంటర్ మీదే, మీ రెండు స్క్రీన్లతోనే చేయించుకోండి. మెయిన్ విండోను ఒక్కో స్క్రీన్‌లోకి లాగి రేటు, డిస్కౌంట్, ప్రింట్, డిలీట్ డైలాగులన్నీ తెరవండి. ఒక డైలాగ్‌ను రెండో స్క్రీన్‌లో మూసి, ఆ కేబుల్ పీకేసి, సాఫ్ట్‌వేర్ ఆపి మళ్లీ తెరిచి చూడండి. విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలు, విండోలు పెద్దవిగా చూపే సెట్టింగ్) 125 శాతం పెట్టి కూడా ఒకసారి చూడండి. తేడా వస్తే ఉచితంగా సరిచేస్తామని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బివ్వండి.

ఇప్పటికే కొని ఇలా ఇరుక్కున్నవాళ్లు సిస్టమ్ మాత్రం ఆపకండి. ఆల్ట్, ట్యాబ్‌తో ఆ డైలాగ్‌ను ఎంచుకుని, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎం అక్షరం నొక్కండి. బాణం మీట ఒకసారి నొక్కి మౌస్ కదిపితే డైలాగ్ దాని వెంటే స్క్రీన్‌లోకి వస్తుంది. మా కౌంటర్‌లో ఈ మీటలు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాను.