తుజియా షిలాన్‌కపు నేత: కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

చైనాలో హునాన్, హుబెయ్ కొండల్లో ఉండే తుజియా తెగవాళ్ల నేత ఇప్పుడు ఆన్‌లైన్‌లో మనదాకా వస్తోంది. గోడకు వేలాడదీసే పట్టీలు, దిండు గలీబులు, చేతిసంచులు అన్నీ షిలాన్‌కపు పేరుతోనే అమ్ముతున్నారు. వీటిలో పెట్టిన డబ్బుకు తగిన సరుకు పట్టీ ఒక్కటే. బండారులంక, ఉప్పాడ మగ్గాలు ఎరిగినవాళ్లకు తేడా చెయ్యి వేయగానే తెలుస్తుంది. మిగతావాళ్ల కోసం ఈ వివరాలు.

ఇది అసలు పెళ్లికూతురి బట్ట. ఆడపిల్ల చిన్నప్పుడే నేత నేర్చుకుని, తను నేసిన దుప్పటి సారెలో పెట్టుకుని అత్తవారింటికి వెళ్లేది. పిల్ల పనితనం ఎంతో ఆ నేత చూసే అంచనా కట్టేవారు. మగ్గం నడుముకు పట్టీ కట్టుకుని పడుగు, అంటే నిలువు పోగులు, బిగించే రకం, అందుకే పన్నా (బట్ట వెడల్పు) మూరకు అటూ ఇటూగా ఆగిపోతుంది. దుప్పటి కావాలంటే మూడు పట్టీలు పక్కపక్కన కలిపి కుట్టాలి. పడుగు ఆ చివర నుంచి ఈ చివరకు తెగకుండా నడుస్తుంది. రంగు పేక (అడ్డపోగు) మాత్రం తన గడి వరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. కొమ్ముతోనో వెదురుతోనో చేసిన సన్నటి పుల్లతో పడుగు పోగులు లెక్కపెట్టి లేపి, కింద నుంచి పేక దూరుస్తారు. నేస్తున్నంతసేపూ బట్ట వెనకవైపే పైన ఉంటుంది. ముఖం కంటికి కనపడకుండా, లెక్క మీదే డిజైను నడిపిస్తారన్నమాట. ఎంత ఓపిక కావాలో మగ్గం మీద కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 2006లో చైనా ప్రకటించిన తొలి జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ నేతకు చోటు దక్కింది.

ఉప్పాడ జాందానీలో బుటా రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ఇందులో అలా ఉండదు, ఉండకూడదు కూడా. పట్టీని తిప్పి చూడండి. ప్రతి రంగూ తన గడిలోనే మలుపు తిరిగి, అక్కడక్కడ చిన్న కొసలు వేలాడుతుంటే చేతిపని. రంగు పోగులు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా, ఒకే దూరంలో పరిగెడుతుంటే మర నేత. వెనక తెల్లగా వెలిసినట్టుంటే అచ్చు వేసిన గుడ్డ, ఇంక బేరమే వద్దు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనకవైపు ఫొటో అడగండి. పంపకపోతే వదిలేయండి.

డిజైన్లలో 48 కొక్కేలది బాగా పేరున్నది. నడిమి గడి చుట్టూ కొక్కేలు వరసలు వరసలుగా విచ్చుకుంటాయి. కొక్కేల కొనలు దగ్గరగా చూడండి. ఒక్క పోగు లెక్క తప్పినా కొన మొద్దుబారుతుంది, ఏటవాలు గీతలో మెట్టు పెద్దదవుతుంది. పన్నాలో సెంటీమీటరు హెచ్చుతగ్గు లోపం కాదు, నడుము బిగువు మారినప్పుడు అంచు లోపలికి జరగడం సహజం. కానీ మూడు పట్టీల దుప్పటిలో అతుకు దగ్గర డిజైను వేలెడంత తప్పితే పేకను అంతటా ఒకే బిగువుతో కొట్టలేదని అర్థం.

మన డెల్టాలో అసలు చిక్కు చెమ్మ. సముద్రపు గాలి తగిలే రాజోలు, అంతర్వేది వైపు ఇళ్లలో వానాకాలం గోడకు ఆనించిన ఏ గుడ్డకైనా బూజు పడుతుంది. కాబట్టి వానజల్లు కొట్టే బయటిగోడ వద్దు, లోపలి గోడకే వేయండి. మేకులు కొట్టకూడదు. ఉతికి ఆరేసిన ముతక నూలు గుడ్డను 2 అంగుళాల గొట్టంలా చేసి పట్టీ వెనక పైభాగాన కుట్టాలి. సూది పడుగులోంచే పోవాలి, రంగు పేకను గుచ్చితే డిజైను లాగేస్తుంది. అందులో వార్నిష్ వేసిన కర్ర దూర్చి, గోడకు అంగుళం ఎడంగా వేలాడదీయండి. వెనక గాలి ఆడాలి. పోగు బయటికి వస్తే కత్తిరించకండి, లాగకండి, సూదితో వెనక్కి నెట్టండి.

ఉతికే ముందు తడి తెల్లగుడ్డను వెనకవైపు ఎరుపు మీద 2 నిమిషాలు అదిమి చూడాలి. రంగు అంటితే నీళ్ల జోలికి పోకుండా డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. పేక పట్టుదైనా ఉన్నిదైనా చాకలిసోడా తగలకూడదు. దాచేటప్పుడు మడత పెడితే మడత దగ్గరే పోగు చితుకుతుంది. డిజైను పైకి ఉండేలా గొట్టానికి చుట్టి పాత మల్లుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ లోపలే మగ్గుతుంది.

గోడ పట్టీకి 5కి 4 ఇస్తాం. ఆ ఒక్కటీ ఎరుపు దిగుతున్నందుకు తగ్గించాం. సంచులకు 2 చాలు: లోపల జిగురుతో అంటించిన స్పాంజి మన ఉక్కకు పొడిపొడి అవుతుంది, గాజులు తగిలి పోగులు లేస్తాయి. గలీబులు చాలావరకు మర నేతే. విదేశీ పార్సిల్‌కు కస్టమ్స్ సుంకం వేరే పడుతుందని లెక్కలో ఉంచుకోండి.

పసిపిల్లల ఉయ్యాల మీద కప్పే రకమూ దొరుకుతుంది, చుట్టూ మూడువైపులా నల్లగుడ్డ అంచు ఉంటుంది. బిడ్డకు దిష్టి తగలకుండా, కీడు జరగకుండా తుజియా అమ్మమ్మలు కోరి పెట్టే బట్ట అది. బారసాలకు కానుకగా ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు గానీ, వేసవిలో బిడ్డమీద కప్పొద్దని గట్టిగా చెప్పి ఇవ్వండి. నేత మందం, ఉన్ని పేకదైతే మరీ వేడి. ఉయ్యాల వెనక గోడకు కట్టుకోమనండి.