న్యూ థింకింగ్ ఎలౌడ్: చెరువు గట్టు మీద రాత్రుళ్లు వింటున్న ఛానెల్ గురించి

జెఫ్రీ మిష్‌లవ్ నడిపే ఈ యూట్యూబ్ ఛానెల్ గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాసినట్టు కనిపించలేదు, అందుకే రాస్తున్నా. పునర్జన్మ, ధ్యానం, టెలిపతీ (మాట లేకుండా ఒక మనసు నుంచి ఇంకో మనసుకి విషయం అందడం), చావు తర్వాత ఏమవుతుంది, మనసుకీ రోగానికీ ఉన్న లింకేమిటి, ఇలాంటి వాటి మీద ఇంత తీరిగ్గా, ఇంత మర్యాదగా మాట్లాడుకునే చోటు నాకు ఇంకోటి దొరకలేదు. ఆరోగ్యం ఎపిసోడ్ల మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది, అది కూడా రాస్తా.

మాది భీమవరం దగ్గర రొయ్యల సాగు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఎయిరేటర్లు తిరుగుతున్నాయా లేదా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా లేదా అని ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి. అలా మేలుకుని ఉండేవాళ్లకి ఈ ఛానెల్ బాగా పనికొస్తుంది. వెనక మ్యూజిక్ హోరు ఉండదు, "షాకింగ్ నిజాలు" అనే అరుపులు ఉండవు. ఒక హోస్టు, ఒక గెస్టు, అరగంట నుంచి గంట దాకా మాటలు, అంతే. స్క్రీన్ చూడక్కర్లేదు, చెవిలో పెట్టుకుని గట్టు మీద తిరుగుతూ వినొచ్చు.

మిష్‌లవ్ ఎవరో తెలిస్తే ఛానెల్ స్వభావం అర్థమవుతుంది. 1980లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో పారాసైకాలజీ, అంటే టెలిపతీ, పునర్జన్మ లాంటి వాటిని పరిశోధించే సబ్జెక్టు, దాని మీద డాక్టరేట్ తీసుకున్నాడు. 1986 నుంచి 2002 దాకా అమెరికా పబ్లిక్ టీవీలో థింకింగ్ ఎలౌడ్ అని ఇంటర్వ్యూలు చేశాడు, 2015లో యూట్యూబ్‌లో ఈ కొత్తది మొదలుపెట్టాడు. అంటే వ్యూస్ కోసం నిన్న మొన్న దిగిన మనిషి కాదు, జీవితమంతా ఇదే పని. గెస్టు చెప్పేది మధ్యలో తుంచడు. ఒక మాట అర్థం కాకపోతే అక్కడే ఆగి ఇంకోసారి అడుగుతాడు, అదే నాకు బాగా నచ్చింది. మన తెలుగు ఇంటర్వ్యూల్లో యాంకర్ ప్రశ్న రెండు నిమిషాలు సాగి, జవాబు మొదలవగానే ఇంకో ప్రశ్న పడుతుంది, విని విని విసుగొచ్చింది.

ఆధ్యాత్మికం అంటే ఇష్టమున్నవాళ్లు దేబాశిష్ బెనర్జీతో చేసిన ఎపిసోడ్ల నుంచి మొదలుపెట్టండి. శ్రీ అరవిందుల యోగం గురించి ఆయన చెబుతుంటే భక్తీ ఉంటుంది, తర్కమూ ఉంటుంది. మా బాబాయ్ హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, ఇంగ్లీషు వింటాడు కానీ ఆ యాసతో ఇబ్బంది, నేను ఆపి ఆపి చెప్తుంటే, "ఒరేయ్, మనింట్లో పుస్తకం ఉండగా నువ్వు అమెరికా నుంచి తెచ్చి వినిపిస్తున్నావేంట్రా" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు సాయంత్రం తనే వచ్చి మిగతాది పెట్టమన్నాడు.

పునర్జన్మ సంగతి వస్తే ఇయాన్ స్టీవెన్సన్ పేరు తప్పకుండా వినబడుతుంది. వర్జీనియా యూనివర్సిటీ సైకియాట్రిస్టు. గత జన్మ గుర్తుందని చెప్పే పిల్లల గురించి మన దేశంతో సహా చాలా దేశాలు తిరిగి రెండున్నర వేలకు పైగా కేసులు పోగేశాడు. మన పక్క ఇలాంటి వార్త ఒకటి పుడితే జనం బళ్లు కట్టుకుని చూడ్డానికి వెళ్తారు, పిల్లాడి నోటి మాట ఊరు దాటేసరికి పది మాటలవుతుంది. స్టీవెన్సన్ అలా కాదు, పిల్లాడు ఏం చెప్పాడు, ఎవరు విన్నారు, పిల్లాడి కుటుంబానికీ, గత జన్మది అని చెప్పే కుటుంబానికీ ముందే పరిచయం ఉందా అని రాసుకున్నాడు. అయినా నిరూపణ అయిపోయిందని ప్రకటించలేదు. అలా ఆగడం నాకు గౌరవంగా అనిపించింది.

ఇక్కడ మనవాళ్లకి తెలియాల్సింది ఒకటుంది. ఈ సబ్జెక్టు మనకి పరాయిది కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో 1967లోనే పారాసైకాలజీ డిపార్ట్‌మెంట్ పెట్టారు, పెట్టింది కోనేరు రామకృష్ణారావు గారు. డ్యూక్ యూనివర్సిటీలో కనబడని కార్డు మీద ఏ బొమ్మ ఉందో చెప్పించే పరీక్షలతో పేరు తెచ్చుకున్న జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి, తర్వాత అదే ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గురించి నాకు తెలిసింది ఈ ఛానెల్ వింటూ పక్కన వెతుక్కుంటే. విశాఖలో చదువుకున్న మా బంధువుల్లో ఒక్కరు కూడా ఆ పేరు చెప్పలేదు, అదే బాధ.

ఇక మిస్టరీలు. రసెల్ టార్గ్ అని లేజర్లలో పనిచేసిన ఫిజిసిస్టు, దూరంగా ఉన్న చోటు మనసుతో చూడొచ్చా అని 1970ల్లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేశాడు, డబ్బు పెట్టింది సీఐఏ. టార్గ్ చెబుతుంటే నిద్ర ఎగిరిపోతుంది, అంత ఆసక్తిగా చెప్తాడు. కానీ ఆ కార్యక్రమాన్ని 1995లో సమీక్ష చేయించి, గూఢచారి పనికి ఉపయోగపడలేదని మూసేశారు, ఆ సంగతి కూడా తెలుసుకుని వినాలి. మేం మేత వేశాక నీళ్లలో దించిన చెక్‌ట్రే (కొంచెం మేత పెట్టే పళ్లెం) ఎత్తి చూస్తాం, రొయ్య తిన్నదా లేదా అక్కడ తెలిసిపోతుంది, మేత కంపెనీ వాళ్లు ఏం చెప్పారన్నది కాదు. ఈ కబుర్లకీ అలాంటి చెక్‌ట్రే ఒకటి కావాలి. మిష్‌లవ్ స్వయంగా ఒక పక్షం మనిషి, అది దాచడు కూడా. చావు తర్వాత చైతన్యం మిగులుతుందని వాదిస్తూ రాసిన వ్యాసానికి 2021లో ఇదే విషయం మీద బిగెలో అనే అమెరికా సంస్థ పెట్టిన పోటీలో మొదటి బహుమతి, 5 లక్షల డాలర్లు, అందుకున్నాడు. కాబట్టి ఎదుటి పక్షం వాదన ఆయన దగ్గర పూర్తి బలంతో దొరకదు, మనమే వెతుక్కోవాలి.

ఇప్పుడు నా అభ్యంతరం. నేను విన్నంతలో, ఆరోగ్యం ఎపిసోడ్లలో గెస్టుని గట్టిగా నిలదీసే మూడో మనిషి లేడు. ఆత్మ ఉందా లేదా అన్నది తప్పుగా నమ్మినా ఈ రాత్రికి ఎవరికీ ఏమీ కాదు, మందు విషయంలో అలా కాదు. మా వీధిలో ఒకాయన ఎవరిదో తెలుగు వీడియో చూసి, ఈ ఛానెల్ కాదు, షుగరు మాత్రలు మానేశాడు, కాలి పుండు ముదిరి ఆస్పత్రిలో పడ్డాడు. ప్రత్యామ్నాయ వైద్యం మాట్లాడేవాళ్లని పిలవద్దు అనను, పిలవాలి. పక్కనే ఒక డాక్టర్ని కూడా కూర్చోబెట్టాలి అంటున్నా.

ఈ మాట భీమవరంలో నుంచి అనడానికి నాకు కారణం ఉంది. 1895లో ఇక్కడే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, ఆ వైద్యం మీద గౌరవం ఉన్నవాడు. అదే మనిషి అమెరికా వెళ్లి లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో తన టీముతో హెట్రజాన్ తీసుకొచ్చాడు, మన డెల్టాలో ఇంటింటికీ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర అదే. పాత జ్ఞానం మీద ప్రేమ, పరీక్ష మీద పట్టుదల రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. ఇంకో ఉదాహరణ ఏలూరు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోతుంటే, ఆరు వందల మందికి పైగా ఆస్పత్రికి చేరితే, ఎన్ని పుకార్లు నడిచాయో గుర్తుందా. చివరికి మనకి ఏమైనా తెలిసిందంటే రక్తం, నీళ్లు, కూరగాయలు పట్టుకెళ్లి పరీక్ష చేయబట్టే. ఎయిమ్స్ వాళ్లకి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, తర్వాత పురుగుమందుల అవశేషాల మీదకి అనుమానం మళ్లింది. మిస్టరీ అంటే ఇష్టమున్న ఛానెల్ ఇలాంటి కేసు ఒకటి తీసుకుని, పరిశోధించిన వాళ్లనే కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడిస్తే నేను రెండుసార్లు వింటాను.

వాడకం విషయాలు. అంతా ఇంగ్లీషే. యూట్యూబ్ ఆటోమేటిక్ తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే అసలు అర్థం పోతోంది, ఇంగ్లీషు సబ్‌టైటిల్సే పెట్టుకుని స్పీడు కొంచెం తగ్గించుకోండి. ఎపిసోడ్లు చాలా ఉన్నాయి, వరసగా చూడబోతే తేలరు, మీకు ఆసక్తి ఉన్న పేరు కొట్టి వెతకండి. ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించేటప్పుడు ఆరోగ్యం ఎపిసోడ్లు ముందు మీరు విని, తర్వాత పెట్టండి. ఆధ్యాత్మికానికి ఐదుకి ఐదు, మిస్టరీలకి నాలుగు, ఆరోగ్యానికి రెండు ఇస్తాను. దేబాశిష్ బెనర్జీ ఎపిసోడ్లు విన్నవాళ్లు ఎవరైనా ఉంటే తర్వాత ఏది వినాలో చెప్పండి, బాబాయ్ అడుగుతున్నాడు.