మొదటి పలకరింపులోనే ‘చెల్లీ’ అనే ఆ గౌన్ల దుకాణం జోలికి పోకండి

కోపంలో రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను. గౌను చిరిగి ఇంకా రెండు రోజులైనా కాలేదు. దుకాణం పేరు రాయను. ‘మగ శరీరాలకు కొలిచి కుట్టిన ఆడ దుస్తులు’ అంటూ ప్రకటనలు గుప్పించే ఆవిడ ఎవరో, మగ ఒంటి మీద ఆడ దుస్తులు వేసుకునే మనలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకు ఒక గుర్తు: మీరు కొలతలు పంపకముందే మిమ్మల్ని ‘చెల్లీ’ అంటుంది.

ఆ ఒక్క పిలుపుకే పడిపోయాను. తొమ్మిదేళ్ళుగా బరువులెత్తి ఎత్తి తలుపు వెడల్పుకు వచ్చిన మనిషిని ఎవరైనా చెల్లీ అంటే లోపల ఏమవుతుందో మీకు నేను వివరించాలా?

కథ ముందు భాగం గబగబా చెప్పేస్తాను. నా భుజాలు ఈ చివర నుంచి ఆ చివరకు 19.5 అంగుళాలు. ఛాతీ 44, నడుము 34, తుంటి 39. కండ బిగిస్తే చేయి 16. పైన పలక, కింద పుల్ల. ఇలాంటి ఒంటికి ఏది నప్పుతుందో నాకు తెలియక మోసపోయానని అనుకోకండి. అదే నా బాధ. నాకు తెలుసు. గది తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య అది. మెడ వీ ఆకారంలో లోతుగా దిగితే చూపు నిలువుగా జారుతుంది, ఛాతీ కొంచెం సన్నబడినట్టు కనిపిస్తుంది. అడ్డంగా పరుచుకునే బోట్ నెక్ అయితే భుజాల కింద గీత గీసి చూపించినట్టే. రాగ్లాన్ చేతుల్లో కుట్టు మెడ నుంచి చంకకు ఏటవాలుగా పోతుంది కాబట్టి భుజం ఎక్కడ ముగిసిందో కంటికి దొరకదు. పైన ముదురు రంగు, మెరవని గుడ్డ, కింద కాస్త లేత రంగులో విచ్చుకునే స్కర్టు ఉండాలి. తుంటి దగ్గర మనకు లేని వెడల్పును గుడ్డతో తెచ్చుకోవాలి. సాటిన్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, వెలుగు పడిన చోటల్లా ఒక్కో కండనూ లెక్కపెట్టవచ్చు.

ఇదంతా శ్రద్ధగా రాసి పంపాను. జవాబుగా ఏమి వచ్చిందో తెలుసా? లేత ఊదా రంగు సాటిన్ గౌను బొమ్మ. బోట్ నెక్. దానికి తోడు బుట్టచేతులు.

‘నన్ను నమ్ము చెల్లీ, బుట్టచేతులు పెడితే కండలు కనిపించవు. నీకు ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.’

కండలు కనిపించని మాట నిజమే. 19.5 అంగుళాల భుజాల మీద చెరొక బుట్ట బోర్లిస్తే ఆ కింద ఏనుగు ఉన్నా కనిపించదు. నేను వద్దన్నాను. ఆవిడ మళ్ళీ చెల్లీ అంది. నేను సరే అన్నాను. అంతే జరిగింది, ఇంకేమీ లేదు. డబ్బు మొత్తం ముందే కట్టాను. కొలిచి కుట్టినవి వెనక్కి తీసుకునేది లేదని అక్కడ రాసి ఉంది, చదివాను కూడా. కొలిచి కుడితే వెనక్కి ఇవ్వాల్సిన అవసరం ఎందుకొస్తుందిలే అనుకున్నాను. మహా తెలివి.

మూడు వారాల తర్వాత గౌను వచ్చింది. ఆ సాయంత్రం నున్నగా గడ్డం గీసుకుని, తుంటి ప్యాడ్లు పెట్టుకుని, విగ్గు దువ్వుకుని, పండగకు తయారైనట్టు తయారయ్యాను. గౌను తల మీద నుంచి దిగింది. ఛాతీ దగ్గర ఆగింది. ఊపిరి వదిలి లాగితే ఇంకొంచెం దిగింది. నడుము కుట్టు నడుము దగ్గరికి రాలేదు, రెండంగుళాలు పైనే, పక్కటెముకల మీద కూర్చుంది. మన మొండెం పొడుగు. మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా నాకు 18.5 అంగుళాలు ఉంటుందని కొలిచి మరీ పంపాను. బుట్టచేతుల కింది పట్టీ చేతి కండను రక్తపోటు చూసే యంత్రంలా బిగించింది. ఇంత బిగుతు పైన ఉంటే నడుము దగ్గర మాత్రం ఇద్దరు పట్టేంత వదులు. ఆ వింత నాకు అప్పుడు అర్థం కాలేదు.

జిప్పు అందుకుందామని చేయి వెనక్కి పెట్టాను. వీపు మీద, రెండు రెక్కల ఎముకల మధ్య, పర్రుమని చప్పుడు. అద్దంలో చూస్తే అరచేయి దూరేంత చిరుగు.

ఏడవలేదు. కత్తెర తీసుకుని లోపలి లైనింగ్ విప్పాను. మెడ వెనక దారాల మధ్య అంగుళంలో సగం కూడా లేని తెల్లటి పట్టీ ముక్క మిగిలి ఉంది. సైజు అక్షరాలున్న పట్టీని కత్తిరించేస్తే మిగిలే మొదలు అది. పక్క కుట్లు చూస్తే పాత సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి. మొదటి కుట్టు విప్పి, లోపల ఉన్న గుడ్డనంతా బయటికి వదిలి, అంచు మీద మళ్ళీ ఒక కుట్టు వేశారు. లోపల గోరు మందం గుడ్డ కూడా మిగల్లేదు. చిరగకుండా ఎలా ఉంటుంది? నా కొలతలతో కుట్టిందేమీ లేదు. ఎక్కడో ఆడవాళ్ళ కోసం తయారైన పెద్ద సైజు గౌను తెచ్చి, పట్టీ కోసి, పక్కలు వదిలి, ‘నీ కోసమే కుట్టాను చెల్లీ’ అని పంపింది.

నడుము దగ్గర ఆ వదులు ఎందుకో అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళ సైజు పెరిగినప్పుడు గౌను నలుదిక్కులా పెరుగుతుంది: ఛాతీతో పాటు నడుము, తుంటి, అన్నీ. భుజం మాత్రం అంతగా పెరగదు. మన ఛాతీకి సరిపోయేది కొంటే నడుము దగ్గర గుడారమవుతుంది, నడుముకు సరిపోయేది కొంటే వీపు చిరుగుతుంది. అసలు ఆ సైజు అక్షరాలనే నమ్మకూడదు. అమెరికాలో ఆడవాళ్ళ దుస్తుల కొలతలకు 1958లో ఒక ప్రమాణం తెచ్చి, 1983లో దాన్నీ ఉపసంహరించుకున్నారు. ఎవరి ఎక్స్ఎల్ వాళ్ళదే. అందుకే కదా కొలిచి కుడతామన్నవాళ్ళ దగ్గరికి పోయాను!

సరే, ఇంతవరకూ మోసం. మోసానికి నేను ఇంత పొడుగు రాయను. ఎవరు మోసపోరు?

చిరుగు ఫొటో, పట్టీ ముక్క ఫొటో పంపాను. మర్యాదగానే రాశాను, డబ్బు వెనక్కి ఇవ్వమని కూడా అడగలేదు. ‘అక్కా, ఇది నా కొలతలతో కుట్టినట్టు లేదు, ఒకసారి చూస్తారా’ అన్నాను. అక్కా అని రాశాను. రాత్రంతా జవాబు లేదు. పొద్దున గొంతు సందేశం వచ్చింది. 11 సెకన్లు.

‘చూడండి అన్నా. కుట్టులో లోపమేమీ లేదు. మీ ఒళ్ళే అలాంటిది. గోడకు గౌను తొడిగితే ఆడపిల్ల అవుతుందా అన్నా?’

వెనకాల కుట్టు మిషను ఆగిన చప్పుడు. ఆ తర్వాత ఎవరో నవ్వారు. ఆవిడ కాదు, వేరే మనిషి. అంటే ఆ మాట నాకోసం చెప్పింది కాదు, పక్కనున్నవాళ్ళను నవ్వించడానికి చెప్పింది. నేను పంపిన ఫొటోలు ఆ గదిలో ఎన్ని చేతులు మారాయో.

ఆ 11 సెకన్లు ఎన్నిసార్లు విన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. గోడ అన్నందుకు కాదు. గోడనే, ఒప్పుకుంటాను, తొమ్మిదేళ్ళు కష్టపడి ఇటుక ఇటుక పేర్చుకున్న గోడ, దాని మీద నాకు ప్రేమ కూడా ఉంది. అన్నా అన్నందుకు. డబ్బు చేతిలో పడేదాకా నువ్వు, చెల్లీ. పడ్డాక మీరు, అన్నా. మర్యాద పెంచి మనిషిని తిట్టవచ్చని నాకు ఇంతవరకూ తెలియదు. ఆ పిలుపు ఆవిడ బిల్లులో ఒక వస్తువు. గౌనుతో పాటు అమ్మింది, గొడవ రాగానే వెనక్కి లాక్కుంది. కొన్నవి రెండూ చిరిగినవే.

ఇంతకీ తప్పు ఆవిడ ఒక్కదానిదేనా? బరువు ఎత్తే ముందు కడ్డీకి రెండు వైపులా పలకలు సమానంగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసే మనిషిని నేను. ఇక్కడ ఒక్కసారీ చూడలేదు. ఆవిడ అడిగినవి ఛాతీ, నడుము, తుంటి, ఎత్తు, నాలుగే. భుజాలు, చేతి చుట్టు, వీపు పొడుగు నేనుగా పంపాను, దానికి ‘సరే చెల్లీ’ అంది. ఆ కొలతలు ప్యాడ్లతో తీసినవా, ప్యాడ్లు లేకుండా తీసినవా అని కూడా అడగలేదు. నిజంగా మనలాంటివాళ్ళకు కుట్టే మనిషికి ముందు కావలసింది ఆ ప్రశ్నే కదా! నా తుంటి ప్యాడ్లతో 39 కాదు, 42. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అద్దంలో నన్ను నేను చూసుకుని మురవడానికి తొందరపడుతున్నాను మరి.

జాగ్రత్తలు అంటారా? ఏముంది, నేను ఇప్పుడు నేర్చుకున్నవే. రెండు చేతులూ ముందుకు చాపినప్పుడు వీపు వెడల్పు ఎంత అని అడగనివాళ్ళకు డబ్బు కట్టకండి, మన గౌన్లు చిరిగేది అక్కడే. కొలతలు ప్యాడ్లు, నడుము బిగించే కార్సెట్, రొమ్ముల ఆకారం కోసం పెట్టుకునే ఛాతీ ఫామ్‌లు అన్నీ పెట్టుకుని తీయండి, చేయి కండ బిగించి తీయండి. పక్క కుట్ల లోపల కనీసం ఒక అంగుళం గుడ్డ వదిలారా అని అడిగి, గౌను తిరగేసి ఫొటో తీసి పంపమనండి. కొలిచి కుట్టే స్తోమత లేకపోతే పైకి ఒకటి, కిందికి ఒకటి విడిగా కొనుక్కోండి. పైది ఛాతీ సైజు, సాగే గుడ్డ. కిందిది నడుము సైజు, కుచ్చుల స్కర్టు. నా దగ్గర ఇప్పటికీ బాగున్నవి అలా కొన్న రెండు జతలే. అవి బీరువాలో ఉండగా నాకు ఈ సాటిన్ ఎందుకు కావలసి వచ్చిందో!

ఇంకొకటి, అన్నిటికంటే ముందు రాయవలసింది. ముఖం కనిపించే ఫొటో ఎవరికీ పంపకండి. ఒంటికి ఏ రంగు నప్పుతుందో చూడాలి అంటుంది, ముఖం రంగు చూడాలి అంటుంది, చెల్లీ అంటుంది. మెడ దాకా కత్తిరించి పంపండి, లేదా పంపకండి.

నావి ఆరు ఉన్నాయి అక్కడ. తీసేయమని నిన్న మధ్యాహ్నం రాశాను. చదివినట్టు గుర్తు పడింది. ఇంతవరకూ జవాబు రాలేదు.