టోకెనా, కార్డా, స్కానరా: చిన్న గేమ్ జోన్‌కి ఏది మేలు?

మా బావమరిది గాజువాకలో చిన్న గేమ్ జోన్ తెరుస్తున్నాడు. షట్టరు తీసుకున్నాడు, రంగులు వేయించాడు, ఎనిమిది మిషన్లకు అడ్వాన్సు ఇచ్చేశాడు. రెండు బైక్ రేసులు, ఎయిర్ హాకీ, బాస్కెట్‌బాల్, బొమ్మలు పట్టే మిషన్లు రెండు, చిన్నపిల్లలకు ఊగే గుర్రం ఒకటి, కారు ఒకటి. మొన్న రాత్రి ఫోన్ చేసి, "బావా, డబ్బులు తీసుకోడానికి ఏటి పెట్టమంటావు? మిషన్లు అమ్మినాయన కార్డులే పెట్టుకోమంటున్నాడు" అన్నాడు. హుద్‌హుద్ వచ్చిన ఏడాది, అంటే 2014 నుంచి బీచ్ రోడ్డు దగ్గర నేను చేస్తున్నది ఇదే పని. మూడు పద్ధతులూ వాడాను. వాడికి ఫోన్లో చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. వైజాగ్‌లో ఇలాంటి షాపు పెట్టాలనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు.

ముందు మిషన్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మిషన్‌కి డబ్బు తెలీదు, పల్స్ ఒక్కటే తెలుసు. నాణెం లోపలికి జారి చిన్న స్విచ్‌ని తాకుతుంది. కన్ను మూసి తెరిచేంతలో రెండు వైర్లు కలిసి విడిపోతాయి, అదే పల్స్. బోర్డు దాన్ని ఒక ఆటగా లెక్క వేసుకుని స్టార్ట్ లైటు వెలిగిస్తుంది. కార్డు రీడరైనా, క్యూఆర్ పెట్టె అయినా చివరికి కలిపేది ఆ రెండు వైర్లనే. కాబట్టి పాత మిషన్లకు కూడా ఏదైనా తగిలించుకోవచ్చు. కొత్త మిషన్ కొంటేనే క్యాష్‌లెస్ కుదురుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అసలు తేడా అంతా ఆ పల్స్ రాకముందు డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, పల్స్ రాకపోతే ఎవరు తిరిగిస్తారు అన్నదగ్గరే.

టోకెన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. అసలు నాణేలే ఎందుకు వేయించకూడదని అడుగుతారు. మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఎన్నిసార్లు మారాయో చూశాం, కాయిన్ మెక్‌కి, అంటే నాణేన్ని గుర్తుపట్టి లోపలికి వదిలే భాగానికి, ఒక్కో సైజూ ఒక్కో బరువూ నేర్పలేం. ఇక పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన ఊళ్లో ఎంత దూరం పోయిందో అందరికీ తెలుసు. 14 రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని 2018 జనవరిలో ఆర్‌బీఐ ప్రకటించాక కూడా చాలా కొట్లలో తీసుకునేవారు కాదు. అందుకే ఇత్తడి టోకెన్లు పెట్టుకున్నాను. నెట్ లేకపోయినా పనిచేస్తాయి, పిల్లల గుప్పెట్లో ఉంటే వాళ్లకి అదో సంబరం. కానీ సముద్రపు గాలి వాటిని బతకనివ్వదు. వర్షాకాలం వస్తే టోకెన్ల మీద పచ్చగా చిలుము పట్టేది. ఆ చిలుము కాయిన్ మెక్ జారుబాట మీద జిడ్డులా అంటుకుని, నాలుగో టోకెనో ఐదో టోకెనో మధ్యలో ఇరుక్కునేది. వారానికి రెండు రాత్రులు ఒక్కో మిషన్ తలుపు తీసి గుడ్డతో తుడవడమే సరిపోయేది.

కార్డులు, అంటే కౌంటర్లో డబ్బు వేయించుకుని మిషన్ల దగ్గర వాడే గేమ్ కార్డులు, వీటికంటే చాలా మేలు, అందులో సందేహం లేదు. ఇప్పటి కార్డులు రీడర్‌కి దగ్గర పెడితే చాలు, గీకక్కర్లేదు. లోపల ఆర్ఎఫ్ఐడీ చిప్ ఉంటుంది, తగలాల్సిన లోహం ఏదీ బయటికి ఉండదు కాబట్టి తుప్పు బాధ తక్కువ. లెక్కంతా షాపులోని సర్వర్‌లోనే ఉండేలా పెట్టుకుంటే బయట నెట్ పోయినా ఆట ఆగదు. ఏ మిషన్ గంటకి ఎంత సంపాదించిందో రాత్రికి కళ్ల ముందుంటుంది, బహుమతి టికెట్లు కూడా కాగితం లేకుండా కార్డులోనే పడతాయి. మాల్‌లో ముప్పై నలభై మిషన్లు పెట్టేవారికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఎనిమిది మిషన్లకు మాత్రం ఇది బరువు. కార్డులో డబ్బు వేయడానికి కౌంటరు, కంప్యూటరు, అక్కడ కూర్చునే మనిషి కావాలి. సాఫ్ట్‌వేర్‌కి ఏటేటా కట్టాలి. ఖర్చు కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. మా ఇంట్లో టీవీ కింద సొరుగులో వేర్వేరు చోట్ల తీసుకున్న గేమ్ కార్డులు మూడున్నాయి. ఒకదాంట్లో 38 పాయింట్లు, ఇంకోదాంట్లో 22, మూడోదాంట్లో 15. ఆట 40 దాటే ఉంటుంది, కనీస రీఛార్జి వందల్లో ఉంటుంది. ఆ పాయింట్లు ఎప్పటికీ ఆటగా మారవు. ఇలా ఒక్క షాపులోనే చెల్లే కార్డుకి, నగదు వెనక్కి ఇవ్వనిదానికి, ఆర్‌బీఐ అనుమతి అక్కర్లేదు. బ్యాలెన్స్ ఎన్నాళ్లుంటుందో షాపువారే నిర్ణయించి కార్డు వెనక చిన్న అక్షరాల్లో రాస్తారు. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు గాని, 38 పాయింట్ల కోసం ఎవరు చేస్తారు? పిల్లవాడి చేతి డబ్బు అలా మిగుల్చుకోవడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. కార్డులు పెట్టేవారు వెళ్లేటప్పుడు మిగిలింది లెక్కగట్టి తిరిగి ఇవ్వాలి. అది చేయగలిగితే కార్డు మీద నాకు పేచీ లేదు.

ఇక స్కానర్. మన ఊళ్లో క్యూఆర్‌ని అందరూ స్కానరే అంటారు. ఆర్‌కే బీచ్‌లో ముంత మసాలా బండి దగ్గర కూడా ముందు "స్కానర్ ఉందా?" అనే అడుగుతారు. 2016లో మొదలైన యూపీఐని జనానికి కొత్తగా నేర్పాల్సిన పనే లేదు. 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే చెల్లింపు మీద షాపువారి నుంచి కోసుకునే రుసుము, సున్నా కాబట్టి ముప్పై రూపాయల ఆటకి ముప్పై రూపాయలూ మన ఖాతాలో పడతాయి. పెట్టె అమ్మినవారికి నెలవారీ చందా ఉంటుంది, అది ముందే అడిగి రాయించుకోవాలి. యూపీఐ లైట్ వాడేవారైతే పిన్ కూడా కొట్టక్కర్లేదు. ఇంత చిన్న మొత్తాలకు అది అచ్చంగా సరిపోతుంది.

స్కానర్లో రెండు రకాలున్నాయి. ఒకటి మిషన్ మీద అతికించిన కాగితం. సౌండ్‌బాక్స్ అరిస్తే కుర్రాడొచ్చి మిషన్ ఆన్ చేస్తాడు. ఖర్చు లేదు గాని ఆదివారం సాయంత్రం ఏ ముప్పై రూపాయలు ఏ మిషన్‌వో ఎవరికీ తెలీదు. దాని మీద ఇంకొకరి కాగితం అతికించిపోయే ప్రమాదమూ ఉంది. రెండోది చిన్న తెర ఉన్న పెట్టె. ప్రతి ఆటకీ కొత్త క్యూఆర్ చూపిస్తుంది. డబ్బు పడగానే సర్వర్ నుంచి పెట్టెకి కబురొస్తుంది, పెట్టె పల్స్ ఇస్తుంది. నేను వాడుతున్నది ఇదే.

ఇందులో దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు కిందటి వేసవిలో తెలిసింది. ఆదివారం, బీచ్ రోడ్డంతా జనం. ఒకావిడ బాబుని కారులో కూర్చోబెట్టి స్కాన్ చేసింది. కాసేపయ్యాక, "ఏటి బాబూ, డబ్బులు కట్టయిపోయాయి, బండి కదల్లేదు" అంది. నా ఫోన్లో చూస్తే డబ్బు పడింది. పెట్టెలోని సిమ్‌కి సిగ్నల్ అందక కబురు రాలేదు. పిల్లవాడు స్టీరింగ్ పట్టుకుని ఊగుతూనే ఉన్నాడు, కారు కదిలిందనే అనుకుంటున్నాడు. కాయిన్ తలుపు తాళం తీసి, లోపల స్విచ్‌ని వేలితో నొక్కాను. లైట్లు వెలిగి పాట మొదలైంది. వాడు వాళ్లమ్మ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

డబ్బు కట్టయి, షాపుకి చేరకపోతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున ఇవ్వాలని ఆర్‌బీఐ 2019లో నియమం పెట్టింది. కానీ ఆవిడ డబ్బు నాకు చేరింది. బ్యాంకు దృష్టిలో అది పూర్తయిన చెల్లింపు. ఆ నియమం ఆవిడకి ఉపయోగపడదు, బాధ్యత అంతా నాదే. మర్నాడే పెట్టెల యాంటెన్నాలను ఇనప డబ్బాల్లోంచి బయటికి తీయించాను. ఇరవై సెకన్లలో మిషన్ నుంచి జవాబు రాకపోతే డబ్బు వెనక్కి పంపేలా సెట్టింగు పెట్టించాను. అమ్మేవారిని ముందుగా అడగాల్సింది ఈ సెట్టింగు గురించే. అది లేదంటే ఎంత చవకైనా ఆ పెట్టె కొనకండి.

ఫోన్ లేని పిల్లలు కూడా వస్తారు, చేతిలో యాభై నోటు మడిచి పట్టుకుని. వాళ్లని వెనక్కి పంపడం నాకు ఇష్టం లేదు. ఇంకో కారణం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక రోజుల తరబడి ఏటీఎంలు లేవు, ఫోన్లు కలవలేదు. ఆ రోజుల్లో జేబులో నోట్లున్నవాడే పాలు కొనుక్కున్నాడు. సముద్రం పక్కన వ్యాపారం చేస్తూ ఒక్క దారినే నమ్ముకోలేం.

అందుకని మా బావమరిదికి తెర ఉన్న స్కానర్ పెట్టెలు పెట్టమన్నాను, కాయిన్ మెక్‌లు మాత్రం పీకించొద్దన్నాను. రెండూ అవే వైర్లకి పక్కపక్కన కలుస్తాయి, ఒకదానికొకటి అడ్డు రావు. రేపు పాతిక ముప్పై మిషన్లకి పెరిగితే అప్పుడు కార్డుల గురించి ఆలోచిద్దాం. "మరి టోకెన్లు కొత్తవి కొనాలా బావా?" అన్నాడు. అక్కర్లేదు, నా దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. రాత్రే చింతపండుతో తోమి ఎండబెట్టాను. ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లి, వాడి మిషన్లకి వైర్లు కూడా కలిపి వస్తాను.