రాసిందెవరో తేల్చాలా, రాసింది చదవాలా?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ మీటింగులో రెండో అంతస్తు కుర్రాడు అందరికీ ఒక కాగితం పంచాడు. డాబా మీద పడే వాన నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లిద్దామని అందులో రాశాడు. "ఇది చాట్‌జీపీటీ రాసిందండీ" అన్నారు ఒక పెద్దాయన. అంతే, అందరూ కాగితాలు మడిచేశారు. నేనూ మడిచాను. ఇంటికొచ్చాక మనసొప్పక మళ్లీ తెరిచాను.

కాగితంలోని లెక్క ఇదీ. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా డాబా 300 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మొత్తం 2,40,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 48. పెన్ను తీసి గుణించాను, సరిపోయింది. అయితే ఒక లోపం కనిపించింది. పడిన ప్రతి చుక్కా గుంతలోకి రాదు, కొంత ఆవిరవుతుంది, కొంత పొర్లిపోతుంది. ఐదో వంతు తీసేసినా 38 ట్యాంకర్ల నీళ్లు. ఇంకిన నీళ్లన్నీ మన బోరుకే చేరవన్నది ఇంకో మాట. ఈ రెండూ చదివితేనే దొరికాయి.

రాసిందెవరో పట్టుకుందామంటే? చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అందుకు ఒక సాధనం తెచ్చింది. వాళ్ల పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే గుర్తుపట్టింది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐవి అంది. సరిగ్గా పనిచేయడం లేదని జూలైలో తీసేశారు. వాళ్లకే కుదరనిది మనం ఒక్క చూపులో ఎలా తేలుస్తాం? జాగ్రత్తగా, పొందికగా రాసేవాళ్లే ముందు ఆ నిందకు దొరికిపోతారు.

పరీక్ష పేపరైతే రాసిందెవరో చూడాల్సిందే. "నా కళ్లతో చూశాను" అనే సాక్ష్యమైనా అంతే. వాదనకు ఆ అవసరం లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకిచ్చారు. అవతలి లాయర్లు ఆ తీర్పుల కోసం వెతికితే అసలు లేవు. అలా దొరికిపోయి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. అక్కడ మోసం బయటపడింది కూడా రాసిందాన్ని సరిచూడటం వల్లే. చదవడానికి టైం పడుతుంది, నిజమే. నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

వచ్చే ఆదివారం ఆ కాగితాన్ని నా దిద్దుబాట్లతో మళ్లీ మీటింగులో పెడుతున్నాను. గుంత ఎక్కడ తవ్వాలో అందులో లేదు. పార్కింగ్ పక్కన ఖాళీ ఉంది కానీ డ్రైనేజీ లైను అటే పోతుంది. ఆ సంగతి కుర్రాణ్ణే అడగాలి.