శృంగవరపుకోట కొండల్లో శరత్కాలపు నడక: దారి, బస, భోజనం

విజయనగరం జిల్లాలో కొండలెక్కి నడవాలనుకొనేవారికి ఆశ్వయుజం చివరి నుంచి మార్గశిరం మొదటి వరకు ఉండే రోజులే అనుకూలమైనవని నా అభిప్రాయం. నైరుతి వానలు వెనుదిరిగి, గెడ్డల్లో (కొండవాగుల్లో) నీరు తేటపడి, పోడు చేలలో చోడి (రాగి), సామ పంటలు కోతకు వచ్చే కాలమిది. అయితే మన తీరానికి తుఫానులు వచ్చే కాలం కూడా ఇదే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే విరుచుకుపడ్డాయి. అందుచేత ముందుగా డబ్బు కట్టించుకొనే నిర్వాహకులను మొట్టమొదట అడగవలసింది ఏమేమి చూపిస్తారని కాదు, వాయుగుండం పడితే సొమ్ము తిరిగి ఇస్తారా, లేక తేదీ మాత్రమే మారుస్తారా అని. మమ్మల్ని తీసుకువెళ్లిన విశాఖపట్నం సంస్థవారు తేదీ మారుస్తామని నోటిమాటగా ఒప్పుకొన్నారు గాని, సొమ్ము వాపసు సంగతిని మాత్రం కాగితం మీద పెట్టలేదు. మరొక జాగ్రత్త కూడా ఉంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది కనుక, ఆ వారంలో విజయనగరం పట్టణంలో గది దొరుకుతుందన్న నమ్మకంతో ఎవరూ బయలుదేరకూడదు.

శృంగవరపుకోటకు విజయనగరం నుంచి బస్సులో రావచ్చు, లేదా విశాఖపట్నం నుంచి కొత్తవలస మీదుగా కిరండూల్ వెళ్లే రైలులో దిగవచ్చు. ఆ రైలెక్కిన పర్యాటకుల్లో చాలామంది బొర్రా గుహలకో అరకుకో పోతారు గాని శృంగవరపుకోటలో దిగరు. ఈ కొండలు ఇంకా నడవడానికి వీలుగా మిగిలి ఉండటానికి అదే కారణమై ఉంటుంది. పట్టణంలో మేము దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, అంతకుమించి చెప్పుకోదగినది ఏమీ లేదు.

నడక పుణ్యగిరి నుంచి మొదలయింది. కొండల నడుమ శివాలయం, పక్కనే రాళ్ల మీదుగా దూకే నీటిధారలు, చుట్టూ చిక్కటి చెట్లు ఉన్న ఆ చోటు ఉదయం పూట నిజంగా హాయిగా ఉంటుంది. కాని కార్తీక మాసపు ఆదివారం నాడు, సోమవారం నాడు అక్కడికి వెళ్తే వనభోజనాల బృందాలు, మైకులు, పారవేసిన ప్లాస్టిక్ పళ్లాలు తప్ప మరేమీ కనబడవు. మా నిర్వాహకులు సరిగ్గా ఆదివారాన్నే ఎంచుకోవడం వారి అలవాటు ప్రకారం జరిగిన పనే గాని ఆలోచించి చేసింది కాదు. సెలవుదినమైతే జనం ఎక్కువగా డబ్బు కడతారు, అంతే.

అక్కడి నుంచి దారపర్తి వైపు ఎక్కే తోవ మొదలైన తరువాతే ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చుకు అర్థం కనిపించింది. సంస్థ తరఫున వచ్చిన గైడు చేతిలో ఫోను మ్యాపు, నోటినిండా ఇంగ్లీషు ఉన్నాయి గాని, దారి చూపింది మాత్రం అతడు రోజు కూలికి మాట్లాడుకొచ్చిన కొండదొర తెగ యువకుడే. గెడ్డ దాటేటప్పుడు మాలో ఒకాయన పెద్ద రాయి చూసి అడుగు వేయబోతే, ‘రాయిని కాదు బాబూ, దాని మీద పాచిని చూడాలి’ అని ఆ యువకుడు చేయి పట్టి ఆపాడు. ఏ తీగకు అడ్డాకులు కోస్తారో, కొండచీపుర్లు ఎప్పుడు కోతకు వస్తాయో, ఏ పోడును ఈ ఏడు ఎందుకు వదిలేశారో అతడు నడుస్తూనే చెప్పుకొంటూ పోయాడు. సీతాఫలాలు ఎక్కడ కోసుకోవచ్చో, ఎక్కడ కోస్తే ఒకరి కష్టాన్ని దొంగిలించినట్టవుతుందో కూడా చెప్పాడు. మాకు అడవిగా కనిపించిన చోట చాలావరకు ఎవరో ఒకరు నాటిన చెట్లేనని అప్పుడు తెలిసింది. ఈ ఎత్తున కొన్ని ఊళ్లకు చాలాకాలం రోడ్డు లేక, రోగులను, గర్భిణులను డోలీలో మోసుకు దిగవలసి వచ్చేదన్న వార్తలను పత్రికల్లో ఎన్నోసార్లు చదివాము. మేము సరదా కోసం ఆయాసపడుతూ ఎక్కిన ఆ ఏటవాలు మీద మనిషిని భుజాన వేసుకొని దిగడం ఎటువంటిదో మాత్రం కాళ్లు నొప్పి పుట్టాకే కొంత ఊహకు అందింది.

రాత్రి బస కొండ మీది ఊరిలో. నిర్వాహకులు బడి పక్కన గుడారాలు వేశారు. కింద పరిచిన పట్టాలు మంచుకు తడిసిపోతాయన్న సంగతి వారికి తెలియకపోవడం ఆశ్చర్యం, ఎందుకంటే శరత్కాలపు నడక అని ప్రకటించుకొన్నది వారే. మాలో ఇద్దరు ఒక ఇంటి అరుగు మీద, ఇంటివారు ఇచ్చిన చాప మీద పడుకొని అందరికంటే సుఖంగా నిద్రపోయారు. భోజనం విషయంలోనూ ఇదే తేడా కనబడింది. పట్నం నుంచి వంటమనిషిని, గ్యాసు బండను మోయించుకొచ్చి వండించిన ఫ్రైడ్ రైసు చల్లారి ముద్దకట్టింది. మర్నాడు పొద్దున్న ఒక ఇల్లాలు డబ్బు తీసుకొని పోసిన చోడి అంబలి, పక్కన పెట్టిన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ మాత్రం మమ్మల్ని మధ్యాహ్నం దాకా నడిపించాయి. ఆ బండను, ఆ బియ్యాన్ని మోయించడానికి అయిన కూలి ఆ ఊరి ఇళ్లకే ఇచ్చి ఉంటే అందరికీ మేలు జరిగేది. మరుగుదొడ్డి ఏర్పాటు నామమాత్రమే కనుక ఆడవారు బయలుదేరకముందే దాన్ని గురించి గట్టిగా అడగాలి.

కొండ దిగాక జీపులో తాటిపూడి జలాశయానికి చేర్చారు. గంట్యాడ మండలంలో గోస్తని నది మీద 1960లలో కట్టిన ఈ జలాశయం పొలాలకే కాక విశాఖపట్నం నగరానికి కూడా నీరిస్తుంది. మూడు వైపులా కొండలు, మధ్య నిశ్చలమైన నీరు ఉన్న ఈ చోట నడిచి వచ్చినవారు ఒక సాయంకాలం కాళ్లు చాపుకొని కూర్చోవచ్చు. అక్కడ మాకిచ్చిన గది విశాలమైనదే అయినా, కిటికీకి దోమతెర లేదు. నీటి ఒడ్డున ఇది చిన్న లోపం కాదు. మన్యపు అంచుల్లో మలేరియా భయం ఉన్నచోట బస ఇచ్చేవారు దోమతెరను అలంకారంగా భావించకూడదు. పడవ విహారంలో లైఫ్ జాకెట్లు అడిగితే గాని ఇవ్వలేదు.

చివరి పూట రామతీర్థం. గురుభక్తుల కొండ మీది బౌద్ధ విహార శిథిలాలు చూడదగినవే, ఎక్కడం కూడా కష్టం కాదు. కాని దాన్ని ఎండ ముదిరాక, తిరుగు ప్రయాణపు తొందరలో పెట్టడం వల్ల సగం మంది వ్యానులోనే కూర్చుండిపోయారు.

లోగడ సీతంపేట వైపు వెళ్లివచ్చిన వారు ఆ రెంటిలో ఏది మేలని అడుగుతున్నారు. శ్రీకాకుళం నుంచి వేరుపడి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేటలో మెట్టుగూడ జలపాతం, ఆడలి వ్యూ పాయింటు ఉన్నాయి. పిల్లలతో, పెద్దవారితో బండి మీద తిరిగి సాయంత్రానికి వెనక్కి రాదలచినవారికి అది నయం. కాళ్లతో కొండను తెలుసుకోవాలనుకొనేవారికి నేను కోట వైపే చెబుతాను. అయితే ఒక షరతు ఉంది. దారి చూపే ఊరి మనిషికి రోజుకు ఎంత ముడుతుందో డబ్బు కట్టకముందే నిర్వాహకులను అడగండి. మా విషయంలో మనిషికి వసూలు చేసిన మొత్తంతో పోలిస్తే ఆ యువకుడికి ఇచ్చిన కూలి చెప్పుకోవడానికి సిగ్గుపడేంత తక్కువ. మేమంతా కలిసి విడిగా కొంత ఇచ్చాము గాని, అది బృందం దయ మీద ఆధారపడకుండా ధరలోనే చేరి ఉండవలసిన సొమ్ము. ఈసారి మాలో కొందరు సంస్థ లేకుండా అతడితోనే నేరుగా మాట్లాడుకొని, కార్తీకం వెళ్లాక, వారం మధ్యలో, ఇళ్లలోనే బస, ఇళ్లలోనే భోజనం అన్న ఒప్పందం మీద వెళ్లే ఆలోచనలో ఉన్నారు.